తినని సాక్షి చెల్లడు

దేవసహాయం హోటలుకు తినడానికి పోయే మనిషి కాదు, పట్టుకోవడానికి పోయే మనిషి. ప్లేటు ముందుకు రాగానే అందరూ చెయ్యి కడుక్కుంటారు, ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటాడు. జేబులోంచి సన్న పట్టకారు తీసి, ఉగ్గానిలో నానిన బొరుగుల్ని ఒక్కొక్కటీ పక్కకు జరిపి చూస్తాడు. వెంట్రుకో, ఈగ రెక్కో, గోనెసంచి పీచో దొరికిందా, ముఖం వెలిగిపోతుంది. ఏమీ దొరకలేదా, ఆ పూటంతా దిగులు. "బాగా దాచినారు," అని గొణుక్కుంటూ బయటికి వస్తాడు.

దొరికినదాన్ని పారేసే అలవాటు ఆయనకు లేదు. చొక్కా జేబులో హోమియోపతి మాత్రల ఖాళీ సీసాలు నాలుగు ఎప్పుడూ గలగలమంటుంటాయి. పట్టుబడిన ప్రాణిని అందులో వేసి, మూత బిగించి, చీటీ అతికిస్తాడు. తేదీ, హోటలు, పదార్థం, ప్రాణి పేరు. ప్రాణి పేరు మాత్రం శాస్త్రంలో ఉన్నట్టే రాస్తాడు, ఎవరికీ నోరు తిరగదు. నంద్యాలలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో ముప్పై రెండేళ్లు అటెండరుగా చేశాడు మరి. రిటైరయ్యేనాడు కాలేజీవాళ్లు శాలువా కప్పారు గానీ బొద్దింకల్ని ఇచ్చి పంపలేదు. అవి ఆయనే హోటళ్లలో వెతుక్కున్నాడు.

"ఇదేందో తెల్సునా అప్పా? బొద్దింకది. ఎడమ పక్క వెనక కాలు," అని ఓనరు ముక్కు దగ్గర పెట్టేవాడు.

"ఏదో పొరపాటున పడిందిలే సామీ."

"పొరపాటు కాదు. మీ గ్రైండరు కింద తడి ఉంది. మూడు నెలలాయె మీరు దాన్ని జరిపి. పోయి చూసి రా."

ఓనరు నవ్వుతూ లోపలికి పోయేవాడు, నవ్వకుండా తిరిగి వచ్చేవాడు. నంద్యాలలో చాలా హోటళ్లలో ఆయన గుమ్మం దాటగానే సర్వర్లు ఒకరికొకరు "సీసాలాయప్ప వచ్చినాడు" అని కళ్లతోనే చెప్పుకునేవారు.

ఆయనకు పెళ్లి కాలేదు. అదీ ఇందువల్లే. ముప్పై ఏళ్ల వయసులో ఒక సంబంధం చూడటానికి పోయి, పిల్ల తెచ్చి ఇచ్చిన మిక్చరులోంచి చీమను పైకి తీసి, పిల్ల తండ్రిని ఒక ఖాళీ సీసా అడిగాడు. ఆ ఇంట్లో సీసా దొరికింది గానీ పిల్ల దొరకలేదు. అప్పట్నుంచి నంద్యాలలో ఒక గదిలో ఒంటరి బతుకు. ఉన్నది ఒక్క చెల్లెలు జీవమ్మ. ఆమె భర్త యేసురత్నం.

ఈ యేసురత్నం ఆళ్లగడ్డలో ఉంటాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రూలు అన్నది చెవిన పడితే చాలు, ఆయన లేచి నిలబడే రకం. కట్టుకున్న భార్య బస్సెక్కినా టికెట్టు కొట్టి చేతికిచ్చాడు. చెకింగువాళ్లు ఎక్కి అడిగితే ఏం చెప్పాలన్నది ఆయన భయం. ఎందుకు అన్న ప్రశ్న ఆయన సర్వీసులో ఏనాడూ అడగలేదు.

పోయిన ఏడాది వానాకాలంలో జీవమ్మ చనిపోయింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగానే, గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. సమాధి కార్యక్రమం అయ్యాక పదిరోజుల పాటు చర్చి సంఘంవాళ్లు వంతులవారీగా అన్నం పంపారు. తర్వాత ఎవరి పనులు వాళ్లవి. యేసురత్నం ఆ పొయ్యి మళ్లీ వెలిగించలేదు. దాని వైపు చూడటం కూడా మానేశాడు. పొద్దున టీ, మధ్యాహ్నం గుప్పెడు బొరుగులు, సాయంత్రం మళ్లీ టీ. ఎవరు అడిగినా "ఆకలి లేదు" అనేవాడు. అది అబద్ధమూ కాదు. బెల్టుకు మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకుంటూ పోయాడు. ఇట్లాగే ఉంటే మంచాన పడతావని డాక్టరు హెచ్చరించాడు. పడితే పడనీ అనుకున్నాడు యేసురత్నం. పడటానికి ఆయనకేమీ అభ్యంతరం కనిపించలేదు.

అలాంటి ఒక సోమవారం పొద్దున దేవసహాయం నంద్యాల బస్సు దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"రత్నం, చొక్కా వేసుకో. సాక్ష్యం పనుంది."

"ఏం సాక్ష్యం బావా?"

"బస్టాండు కాడ కొత్త హోటలు పెట్టినారు. ఆడ పట్టుకోవల్ల. సాక్షి లేకుంటే కేసు నిలబడదు."

"ఇంకెవరినైనా పిలుచుకోపో. నాకు ఆకలి లేదు."

"నీ ఆకలి ఎవరడిగినారప్పా? సాక్షికి ఆకలితో ఏం పని? రూలు ప్రకారం సాక్షి అదే పదార్థం, అదే పొయ్యి మీదిది, అరప్లేటుకు తక్కువ కాకుండా తినుండల్ల. తినని సాక్షి చెల్లడు."

"అట్లని రూలుందా?"

"వినియోగదారుల చట్టంలో ఉంది. నలభై రెండో పేజీ."

పేజీ నంబరు కూడా చెప్పాక యేసురత్నం ఇంకేం మాట్లాడగలడు? లేచి చొక్కా వేసుకున్నాడు. ఆ రోజు అరప్లేటు ఉగ్గాని, డ్యూటీ చేసినట్టు, ఒక్కో ముద్దా లెక్కపెట్టి మింగాడు. మింగి, "అయింది. ఇంటికి పోదామా?" అన్నాడు.

ఆ తర్వాత సోమవారం, బుధవారం, శుక్రవారం సాక్ష్యాలే. రూళ్లు కూడా వారానికొకటి బయటపడుతూ వచ్చాయి.

"దోశ రూలు వేరే రత్నం. దోశకు అంచు వేరు, నడుమ వేరు. ఒకటి నిండా తింటేగాని చెప్పలేవు."

"మల్ల భోజనానికి?"

"భోజనమంటే మజ్జిగన్నం దాకా పోవల్ల. నడుమ లేస్తే సాక్ష్యం చెడిపోతాది."

"మారు వడ్డన?"

"అది ముఖ్యం. మొదటి గరిటె పైనది, రెండో గరిటె అడుగుది. దొంగ ఎప్పుడూ అడుగునే ఉంటాడు."

యేసురత్నం తల ఊపి తినేవాడు. ఒక్క పద్ధతి మాత్రం దేవసహాయం ఎప్పుడూ తప్పలేదు. ముందు తను పట్టకారుతో ప్లేటంతా కెలికి, మూడు ముద్దలు తిని, ఐదు నిమిషాలు ఆగేవాడు. తర్వాతే సాక్షి చెయ్యి పెట్టాలి. ఆ ఐదు నిమిషాలూ యేసురత్నం చేతులు కట్టుకుని, గోడ మీది ధరల బోర్డు చదువుతూ కూర్చునేవాడు.

మహానందిలో పద్మమ్మ అనే ఆమె నడిపే చిన్న మెస్సులో వేరుశనగ పచ్చడిలో సన్న రాయి దొరికింది. పద్మమ్మ మొదట గయ్యిమంది.

"చెనిక్కాయల పచ్చడిలో రాయి రాక రత్నాలొస్తాయా ఏంది?"

"అమ్మా, ఇది చెనిక్కాయలతో వచ్చిన రాయి కాదు. మీ రోలుది. రోలు అరుగుతాంది, గుండ్రాయి పగుల్తాంది. తినేవాళ్ల పండ్లు రాలకముందే మార్చు."

ఆమె లోపలికి పోయి రోలు తడిమి చూసుకుంది. మరుసటి వారానికి కొత్త రోలు వచ్చింది. ఆ సీసా దేవసహాయం అల్మారాలోకి పోయింది, కేసు మాత్రం ఎక్కడికీ పోలేదు. సీసాలు పెరుగుతున్నాయి గానీ తనను సాక్ష్యం చెప్పమని ఏ జడ్జీ ఎందుకు పిలవడం లేదో యేసురత్నానికి తట్టనే లేదు. పిలుపు వచ్చేటప్పుడు వస్తుందని ఆయన ధీమా.

సంజామలలో అయితే పరువు పోయింది. అక్కడ తెలిసినవాళ్ల పెళ్లి. పులిహోరలో బియ్యం పురుగు కనిపించగానే దేవసహాయం పంక్తిలోనే లేచి నిలబడి సీసా తీశాడు. యేసురత్నం ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"బావా, ఇది హోటలు కాదు, పెండ్లి! ఈడ మనం వినియోగదారులం కాము!"

"ఎందుకు కాము? చదివింపులు చదివించినాం గదప్పా!"

పెళ్లికొడుకు మేనమామలు ఇద్దరు దగ్గరికి వచ్చి, మర్యాదగానే, వీళ్లను బస్టాపు దాకా సాగనంపారు. బస్సులో దేవసహాయం చాలాసేపు ఆలోచించి, "మజ్జిగన్నం తినకుండానే లేసినావు. సాక్ష్యం చెడింది," అన్నాడు.

మార్చి నెలలో ఒక బుధవారం నంద్యాలలో ఒక పెద్ద హోటలుకు పోయారు. పేరు చెప్పను, కేసు నడుస్తోంది. ఏసీ, అద్దాల తలుపులు, గుమ్మంలో సలాం కొట్టే మనిషి. ఇడ్లీ, సాంబారు తెప్పించారు. చేతులు కడిగే చోట డ్రమ్ములో నీళ్లు పచ్చగా ఉన్నాయని దేవసహాయం అక్కడే ఆగి, తుడిచే మనిషితో వాదానికి దిగాడు.

యేసురత్నం ఒంటరిగా ప్లేటు ముందు కూర్చున్నాడు. సాంబారులోంచి ఇంగువ వాసన వచ్చింది. కడుపులో ఏదో కదిలింది. మొదట గ్యాసు అనుకున్నాడు. అది ఆకలి అని గుర్తుపట్టడానికి ఆయనకు అర నిమిషం పట్టింది. ఎనిమిది నెలలైంది దాన్ని చూసి. కళ్లలో నీళ్లు తిరిగాయి. పరీక్ష లేదు, ఐదు నిమిషాలు లేవు. ఇడ్లీలు రెండూ సాంబారులో ముంచి గబగబా తినేశాడు. తన జీవితంలో మొదటిసారి ఒక రూలు తప్పాడు. తప్పడమే కాదు, చెయ్యి ఎత్తి సర్వరును పిలిచి, "ఇంగొంచెం సాంబారు పొయ్యి నాయనా," అని నోరు తెరిచి అడిగాడు.

సరిగ్గా అప్పుడు దేవసహాయం వచ్చాడు. ఖాళీ ప్లేటు చూశాడు.

"తినేసినావా రత్నం? నువ్వే అడిగి పోయించుకుంటాండావా?" ఆ ముఖంలో అంత సంతోషం యేసురత్నం ఏనాడూ చూడలేదు. బొద్దింక నిండుగా దొరికిననాడు కూడా చూడలేదు.

సర్వరు గరిటె వంచాడు. సాంబారుతో పాటు ఒక బల్లి ప్లేట్లో పడింది.

అప్పుడు ఎవరెవరు ఏం చేయాలో అది తారుమారైంది. ప్రాణి కనిపిస్తే పండగ చేసుకునే దేవసహాయం చేతిలోంచి పట్టకారు జారిపోయింది. "ఉమ్మెయ్యి! ఉమ్మెయ్యప్పా!" అని హాలంతా అదిరేటట్టు అరిచాడు. సీసా సంగతి ఆయనకు గుర్తే లేదు. యేసురత్నమే లేచి, బావ జేబులోంచి సీసా లాగి, తోకపట్టి బల్లిని అందులో వేసి, మూత పెట్టాడు. "బిల్లు ఇవ్వండి. బిల్లు లేకుండా కదలకూడదు," అని కౌంటరు దాకా నడిచి, బిల్లు తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, ఆ తర్వాత వాంతి చేసుకున్నాడు.

మూడు రోజులు సెలైన్లు ఎక్కించారు. మొదటి రోజు నాడి అందకుండా పోయి నర్సులు పరుగులు పెట్టారు. వారానికి మూడు పూటల తిండితో ఒంట్లో ఏమీ లేదు, తట్టుకోవడం కష్టమని డాక్టరు వరండాలో చెప్పాడు. పక్క మంచాల్లో అదే హోటల్లో అదే పూట తిన్నవాళ్లు ఇంకో ఇద్దరు. వార్డులో అందరూ "బల్లి విషం, బల్లి విషం" అన్నారు. మామూలుగా అయితే దేవసహాయం అక్కడే నిలబడి, బల్లిలో విషం లేదనీ, దాని ఒంటి మీది క్రిములతోనే చిక్కనీ గంటసేపు పాఠం చెప్పేవాడు. ఈసారి ఎవరినీ దిద్దలేదు. స్టూలు మీద కూర్చుని సెలైను చుక్కలు చూస్తూ ఉన్నాడు. ఒకసారి మాత్రం, యేసురత్నం నిద్రపోయాడనుకుని, "నేనే తినిపించినా. రేపు పైన జీవమ్మ అడిగితే ఏం చెప్పల్ల?" అన్నాడు.

మూడో రోజు హోటలు మేనేజరు పండ్ల బుట్టతో వచ్చాడు. తెల్ల చొక్కా, తియ్యటి గొంతు.

"కేసులూ గీసులూ ఎందుకు సార్. మా ఓనరైతే బల్లి మీరే తెచ్చుకున్నారంటాండాడు. ఈయప్ప జేబులో సీసాలు పెట్టుకోని తిరిగేది ఊరందరికీ తెల్సు. కేసేస్తే ఈయప్ప పేరే బజారున పడ్తాది."

దేవసహాయం తల దించుకున్నాడు. యేసురత్నాన్ని ఆళ్లగడ్డలో ఇంట్లో దింపి, నంద్యాల బస్సెక్కాడు. సోమవారం రాలేదు. బుధవారం రాలేదు. ఫోను ఎత్తలేదు. వెంట్రుకకు కేసు పెడతానని ఎగిరే మనిషి బల్లికి నోరు మూసుకున్నాడు.

యేసురత్నం వారం రోజులు చూశాడు. అన్నింటికన్నా ఆ మేనేజరు మాట ఆయనను నమిలేసింది. ముప్పై ఏళ్లు బస్సులో ఎందరినో చూసిన మనిషి, తప్పు చేసినవాడే దాన్ని ఎదుటివాడి మీదికి తోస్తాడని ఆయనకు తెలుసు. బావను దొంగ అంటాడా? బిల్లు, సీసా, ఆసుపత్రి కాగితాలు సంచిలో వేసుకుని నంద్యాలలో లాయరు సుప్రజ దగ్గరికి పోయాడు. సుప్రజ ఆ కాలేజీలోనే చదివింది, కప్పను కోయడం దేవసహాయం దగ్గరే నేర్చుకుంది.

ఆమె కాగితాలన్నీ చూసింది. "పక్కా కేసు అంకుల్. మీతోపాటు ఇంకో ఇద్దరు అదే రోజు చేరినారు గదా, బల్లిని మీరే తెచ్చినారనే మాట నిలబడదు. వాళ్ల హాల్లో కెమెరాలున్నాయి, ఆ రికార్డు చెరపకుండా ఉంచమని నోటీసు ఇద్దాం. ఫుడ్ సేఫ్టీ వాళ్లకూ రాద్దాం."

"అంతా సరేమ్మా. సాక్షిదే కష్టం."

"సాక్షి ఎందుకు?"

"నేనేమో సాక్షిని. నేను కేసేస్తే మా బావ సాక్షి కావల్ల. ఈసారి ఆయన తినలేదు. తినని సాక్షి చెల్లడు గదా."

సుప్రజ పెన్ను కింద పెట్టింది. "అంకుల్, మీరు సాక్షి కాదు. తిన్నది మీరు, పడిపోయింది మీరు. ఫిర్యాది మీరే. ఇంతకీ తినని సాక్షి చెల్లడని ఎవరన్నారు?"

"చట్టంలో ఉంది. నలభై రెండో పేజీ."

ఆమె పుస్తకం తీసి, నలభై రెండో పేజీ తిప్పి, ఆయన ముందు పెట్టింది. యేసురత్నం కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. అరప్లేటు లేదు, దోశ లేదు, మజ్జిగన్నం అసలే లేదు.

"దేవసహాయం సార్ ఇంతకుముందు మూడు కేసులు వేసినాడు అంకుల్. మూడూ నేను చూసినా, మూడూ గెల్చినాడు. ఒక్కదాంట్లో కూడా సాక్షి లేడు. చివరిది అయ్యి రెండేండ్లు దాటింది. ఆ తర్వాత ఆయన ఒక్క కేసూ వేయలేదు."

యేసురత్నం పుస్తకం మూసి ఆమెకు ఇచ్చాడు. కాగితాల మీద చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి బయటికి వచ్చాడు. బస్టాండుకు నడుస్తూ వెనక్కి లెక్క వేసుకున్నాడు. ఆ రూలు పుట్టింది జీవమ్మ పోయిన నెలన్నరకు. మంచాన పడతావని డాక్టరు హెచ్చరించిన వారం. మొదట కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు రూళ్లతో బతికినవాణ్ని పట్టుకుని, లేని రూలు చెప్పి, ఆరు నెలలకు పైగా దోశలు తినిపిస్తాడా? తర్వాత, చెల్లెలు పోయిన బాధ బావకు మాత్రం లేదా, అంతా దిగమింగుకున్నాడు గానీ ఎవరితో చెప్పుకున్నాడు అనిపించింది. నడి రోడ్డు మీద నిలబడిపోయాడు. వెనక ఆటోవాడు హారన్ కొట్టి తిట్టాడు. ఆ తిట్టుకు, ఎందుకో, నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున యేసురత్నం వంటింట్లోకి పోయి పొయ్యి ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వెలిగించాడు. ఫోనులో వీడియో పెట్టుకుని సంకటి గెలికాడు. మొదటిది మాడింది. రెండోది ఉండలు కట్టింది. మూడోది సంకటి అని చెబితే నమ్మేటట్టుగా ఉంది. ఊరిబిండి పచ్చడి నూరి, పప్పు వండి, క్యారియరులో సర్దుకుని నంద్యాల బస్సెక్కాడు.

దేవసహాయం తలుపు తీశాడు. గడ్డం పెరిగింది. బల్ల మీద అరటిపండ్ల తొక్కలు కుప్పగా ఉన్నాయి.

"ఏం తింటాండావు బావా?"

"అరటిపండ్లు. దేవుడు సీలేసి పంపేది అదొకటే."

"కేసేసినా. నా పేరుతో."

దేవసహాయం తల ఎత్తాడు. "నా పేరు లాగుతారప్పా వాళ్లు."

"లాగనీ. మనకు బిల్లుంది. సుప్రజమ్మ ఉంది." యేసురత్నం క్యారియరు గిన్నెలు ఒక్కొక్కటే విప్పుతూ, తల ఎత్తకుండా అడిగాడు. "బావా, ఆ సాక్షి తినల్లనే రూలు ఏ పుస్తకంలో ఉంది?"

దేవసహాయం బల్ల మీది తొక్కలు ఒక పక్కకు జరిపాడు.

"పాత పుస్తకంలో ఉండె," అన్నాడు దేవసహాయం కిటికీ వైపు చూస్తూ. "కొత్తదాంట్లో తీసేసినట్టుండారు."

"అట్లనే అనుకున్యా. బేగా కూచో, చల్లారిపోతాంది."

ఇద్దరూ కూర్చున్నారు. యేసురత్నం బావ కంచంలో సంకటి పెట్టి, నడుమ గుంట చేసి పప్పు పోశాడు. పోసి చూస్తే పప్పులో నల్లగా ఒకటి తేలుతోంది. బాగా పెద్ద గండుచీమ. యేసురత్నం గరిటె పక్కన పెట్టాడు. దేవసహాయం అప్పటికే చూశాడు. ఆయన చూడకుండా ఎట్లా ఉంటాడు?

"బావా, ఆగు. దాంట్లో చీమ."

"యాడ?"

"ఆడ. నీ వేలి కిందే."

దేవసహాయం కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. ముప్పై రెండేళ్లు జువాలజీ ల్యాబులో పనిచేసిన మనిషి కంచంలోకి తొంగి చూసి, నిదానంగా అన్నాడు.

"చీమ కాదప్పా. జీలకర్ర."

"జీలకర్రకు కాళ్లుంటాయా బావా?"

"ఆళ్లగడ్డ జీలకర్రకు ఉంటాయి. నువ్వు తిను," అని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.